మంద పడుకున్న చేలు

చేనుకు నిప్పు పెట్టనివ్వనని తిక్కమ్మ సాళ్ల మధ్య అడ్డంగా పడుకుంది.

నాలుగు మంట యంత్రాలు గట్టు మీద సిద్ధంగా ఉన్నాయి. వాటిని వీపుకు తగిలించుకున్న మనుషులు డాక్టర్ నాగవేణి వైపు చూస్తున్నారు. చేలో సగం వేరుశనగ పచ్చగా ఉంది. మిగతా సగం పసుపు తిరిగి వాడిపోయింది. ఆ వాడిన మొక్కల మధ్య నుంచి నీలం జీర ఉన్న గడ్డి సన్నగా పైకి లేస్తోంది.

"లేమ్మా. నీ కాళ్లు పట్టుకుంటా," అంది నాగవేణి.

"నువ్వు పట్టుకునేదేంది? నేనే నీ కాళ్లు పట్టుకుంటా. వానకు ముందే బోరు నీళ్లతో ఇత్తనం ఏసుకున్నా. గడ్డి మొలిస్తే కలుపు తీసుకుంటా. డెబ్బై ఏండ్లుగా కలుపు తీసిన చేతులివి. నిప్పెందుకు?"

"ఇది కలుపు కాదమ్మా. పీకితే తెగిన ప్రతి వేరూ ఇంకో గడ్డి దుబ్బు అవుతుంది. మొలిచిన చోట పన్నెండేళ్లు ఏ పంటా రాదు. ఇంకా మొలవని గింజల్నైనా మట్టిలోనే కాల్చేయాలి."

"ఏం గడ్డి ఇది? ఎవురు తెచ్చినారు?"

నాగవేణి ఆ నీలం జీరల వైపు చూసింది. ఆ గడ్డి పేరు తల్లిగడ్డి. ఆ పేరు పెట్టిన నలుగురిలో తనూ ఒకతె. ఇక్కడికి ముప్పై కిలోమీటర్ల దూరంలో, సుద్దమడుగు బీడులో, రెండు వరుసల కంచె లోపల ఉండాల్సిన గడ్డి అది.

ఇద్దరు మనుషులు తిక్కమ్మను రెక్కలు పట్టి లేపారు. ముసలామె తిట్టింది, కొరికింది, చివరికి గట్టు మీద కూలబడి తల బాదుకుంది. యంత్రం గుర్రుమంది.

"ఆపండి!" నాగవేణి చెయ్యెత్తింది.

గట్టు మీద నిలబడి చూస్తుంటే అప్పుడు కనబడింది. పసుపు తిరిగిన భాగం అడ్డదిడ్డంగా లేదు. పక్కపక్కనే మూడు చతురస్రాలు. గీత గీసినట్టు అంచులు. గాలికి కొట్టుకొచ్చిన గింజలు చతురస్రంగా పడవు. ఆ కొలత ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తడకలు పాతి గొర్రెలను పడుకోబెట్టే దొడ్డి కొలత అది. ఎరువు కోసం రైతులు మందను పిలిపించుకుంటారు. ఒక రాత్రి ఒక చోట, మర్నాడు దొడ్డిని పక్కకు జరుపుతారు.

ఆమె తిక్కమ్మ పక్కన కూర్చుంది. "అవ్వా, ఎండాకాలంలో నీ చేలో మంద పడుకుందా?"

"పడుకుంటే? అందరి చేలల్లో పడుకుంటాయి. ఎరువు తప్పా?"

"ఎవరి మంద? చెబితే ఆ పచ్చటి సగం జోలికి రాను. అంచులు మాత్రం కాల్చి పోతాను."

ముసలామె చేను వైపు చూసింది. "కురువ ఉరుకుందప్పది. మూడు రాత్రులు పడుకునింది. ఆయప్పను ఏమనాకండి. వానికి కూడు పెట్టింది నేనే."

* * *

పరిశోధనా కేంద్రంలో ప్రొఫెసర్ చక్రపాణి గాజు పాత్రలో గింజలు పోసి, వాటి మీద ఆసిడ్ వంపి, గడియారం నొక్కాడు. తల్లిగడ్డిని పుట్టించింది ఆయనే. దున్ని చచ్చిపోయిన నేలలో మిగతా మొక్కల్ని చంపి, పాత పచ్చికను వెనక్కి పిలిచే వేరు దానిది. మూడేళ్లలో రెండు వేల ఎకరాల బీడు మళ్లీ బతికింది. ఇరవై ఏళ్లుగా కనబడని బట్టమేక పిట్టలు పదకొండు తిరిగొచ్చాయి. బీడంతటా గడ్డిని కంకి వేయక ముందే కోసేస్తారు. గింజ కట్టనిచ్చేది నలభై ఎకరాల విత్తన మడిలోనే.

"రెండు గంటలు," అన్నాడాయన. "ఒక్క నిమిషం తగ్గినా ఈ గింజ మొలవదు. పెంకు అంత గట్టిది. ఇదీ నేను వేసిన తాళం. ఆసిడ్‌లో నానకుండా ముప్పై కిలోమీటర్ల అవతల ఎలా మొలిచింది?"

నాగవేణి తిక్కమ్మ చేలో ఏరుకొచ్చిన గొర్రె పెంటికను సూదితో విప్పి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. "చూడండి సార్."

ఆయన వంగి చూశాడు. పెంటిక మధ్యలో గింజ. పెంకు ఉల్లిపొరలా పలచబడి ఉంది. ఆయన అలాగే వంగి ఉండిపోయాడు.

"గొర్రె కడుపులో ఆసిడ్ ఉంటుంది," అందామె. "గింజ మూడు నాలుగు రోజులు లోపల ఉంటుంది. నమిలినప్పుడు కొన్ని గింజలు పాడైనా, మిగిలిన వాటికి తాళం తీసి మరీ బయటికి పంపుతుంది."

"జింకలు దూరకుండా కంచె వేశాం కదా."

"ఆకు తింటాయని వేశాం. గింజ సంగతి ఆలోచించలేదు. మా ఊళ్లో తుమ్మచెట్లు మొలిపించాలంటే మేకలకు కాయలు మేపి, దొడ్లో పడ్డ గింజలు ఏరుకుంటారు సార్. నేను చూస్తూ పెరిగిన పని. ఆరేళ్లు ఈ గింజ మీద పనిచేశాను. ఒక్కసారి కూడా గుర్తు రాలేదు."

చక్రపాణి కుర్చీలో కూర్చున్నాడు. "ఎన్ని గొర్రెలు?"

"ఉరుకుందప్ప తొమ్మిది మందలకు పెద్ద. ఎండాకాలంలో మేత లేక అన్నీ ఇటే వచ్చాయట. లోపలికి ఎన్ని దూరాయో అతనికే తెలుసు. మిగతా ఎనిమిది మంది కాపర్లూ సరిహద్దు దాటి కర్ణాటకలోకి వెళ్లిపోయారు. ఫోన్లు పలకడం లేదు."

"ఏ చేలల్లో మంద పడుకుందో రైతుల్ని అడుగుదాం."

"చెబితే చేను కాల్చేస్తాం. ఏ రైతు చెబుతాడు?"

గోడ మీది తెరలో వాతావరణ పటం వెలుగుతోంది. నైరుతి మేఘాలు మూడు రోజుల దూరంలో ఉన్నాయి. మిగతా చేలన్నీ మెట్ట పొలాలు. దుక్కి చేసి వాన కోసం ఎదురుచూస్తున్నాయి. ఆ మట్టిలో తాళం తెరిచిన గింజలు కూడా ఎదురుచూస్తున్నాయి. వాన పడ్డాక చేయగలిగింది ఏమీ లేదు. ఒక్కో చేను నుంచి పక్క చేనుకు, వాగుకు, పక్క మండలానికి. వేరుశనగ, జొన్న, కంది, ఏదీ నిలవదు.

"గేటు తాళం పగలగొట్టి ఉంటాడు," అన్నాడు చక్రపాణి. "కావలి ఉన్న మీ నాన్నగారి కళ్లు కప్పి ఎలా దూరాడో! పోలీసులకు చెబుతాను."

* * *

మర్నాడు పొద్దున పోలీసు ఔట్‌పోస్టు వరండాలో ఉరుకుందప్ప గొంగడి భుజాన వేసుకుని కూర్చున్నాడు. యాభై ఏళ్ల మనిషి. ఎడమ చెంప వాచింది. ఎస్సై లోపల ఫోనులో మాట్లాడుతున్నాడు.

నాగవేణి మెట్టు మీద కూర్చుంది. "కొట్టినారా?"

"రెండు ఏట్లే. మా పొట్టేలు ఇంతకంటే గట్టిగా పొడుస్తాది."

"గేటు ఎవరు తీశారు?"

"మేతకు గొర్రెలు చస్తాంటే, తోలుకో అన్న మారాజు తీసినాడు. ఎవురికీ చెప్పొద్దన్నాడు. మా దేవుడు బీరప్ప మీద ఒట్టేసినా. నా నోట రాదు."

"పేరు వద్దు. చేలు చెప్పు. ఏ మంద ఏ చేలో పడుకుందో నీకు తెలుసు కదా."

"ముప్పై నాలుగు సేండ్లు. కండ్లు మూసుకున్నా గట్లతో సహా చెప్తా." అతను గొంగడి సర్దుకున్నాడు. "చెప్తే ఏమైతాది? దొంగ ఎవురంటే ఉరుకుందప్ప అంటారు. ముప్పై నాలుగు ఇండ్ల నేల పాయ. నన్ను బతకనిస్తారా? నేను పోతే పోనీ. ఇంక ఏ కురువోని మందనన్నా ఈ జిల్లాలో ఏ రైతన్నా చేలో పడుకోనిస్తాడా? మాకు ఊరు లేదు మేడం. ఆ సేండ్లే మా ఊరు."

"మరి ఏం చేయమంటావు?"

"గేటు తీసినోని పేరు అందరి ముందర రావాల. మీవోళ్ల నోట రావాల. ఉరుకుందప్ప పగలగొట్టలేదు, పిలిస్తే పోయినాడు అని జనం వినాల. ఆ మరు నిమిషం అన్నీ చెప్తా. నేనే ముందు నడిచి సూపిస్తా."

"ఎవరో నాకెలా తెలుస్తుంది?"

ఉరుకుందప్ప ఆమె ముఖం వైపు చూడలేదు. ఆమె నడుముకు వేలాడుతున్న తాళంచెవుల గుత్తి వైపు చూశాడు. "ఆ గేటు బీగానికి చెవులు ఎన్నుండాయో మీకు తెల్దా మేడం?"

రెండు ఉన్నాయి. ఒకటి ఆమె నడుముకు ఉంది.

* * *

రెండోది బీడు కావలిదారు మద్దిలేటి దగ్గర ఉంది. ఆమె తండ్రి.

నడి మధ్యాహ్నం. మంచె మీద మద్దిలేటి కదలకుండా కూర్చుని ఉన్నాడు. కూతురు నిచ్చెన ఎక్కుతుంటే పెదాల మీద వేలు పెట్టుకుని, దుర్భిణి గొట్టం ఆమె చేతికిచ్చాడు. నీలం గడ్డిలో బట్టమేక తల్లి మెడ నిక్కించి నడుస్తోంది. వెనకే మట్టిరంగు పిల్ల తూలుతూ నడుస్తోంది.

"నిన్న పుట్టింది," గుసగుసగా అన్నాడు. "ఇరవై రెండేండ్ల తర్వాత పిల్ల పాపా. ఆ నడక చూడు, తాగినోని మాదిరి."

ఆమె చూసింది. తన చిన్నతనమంతా ఈ మనిషి ఒక పిట్ట కోసం బీడులో తిరిగాడు. వేటగాళ్లతో కొట్లాడి మూడు వేళ్లు పోగొట్టుకున్నాడు. అమ్మ కాన్పు కష్టమై పోయిన రోజున కూడా గుడ్డు దగ్గర కాపలా ఉన్నాడు. జిల్లాలో బడిపిల్లల పుస్తకంలో ఆయన ఫోటో ఉంది.

"నాయనా, గేటు నువ్వే తీసినావా?"

మద్దిలేటి గొట్టం వెనక్కి తీసుకుని, తువ్వాలుతో అద్దాలు తుడిచాడు.

"తీసినా."

"గొర్రెల్ని చూసి పాపం అనిపించిందా?" అలా అనమని వేడుకుంటున్నట్టు అడిగింది.

"గొర్రెల మీద నాకేం పాపం?" ఆయన బీడు వైపు చెయ్యి చూపాడు. "రెండు వేల ఎకరాలు. పదకొండు పిట్టలు. ఒక్కో పిట్టకు ఎంత నేల కావాలో నువ్వే లెక్క చెప్పినావు నాకు. పిల్లలు పెరిగితే యాడికి పోతాయి? కరెంటు తీగల మీదికి. కంచె పెంచమని ప్రతి ఏడూ మీ సారును అడిగినా. నేల లేదంటాడు. నువ్వు గింజలకు ఆసిడ్ పోస్తాంటివి. ఆసిడ్ పోయనివి మొలవవు అంటివి. మేక కడుపు మాదిరే అనుకున్నా. గొర్రె నడిచినంత దూరం గడ్డి నడుస్తుందని తొమ్మిది మందల్నీ పిలిచినా. నాలుగు దినాలు కడుపునిండా కంకులు మేపినా."

"తెలిసే చేసినావా? సేండ్లు చచ్చిపోతాయని తెలుసు కదా నీకు?"

"అవి సేండ్లు ఎప్పుడైనాయి? నా చిన్నప్పుడు అంతా బీడే. దున్నినోళ్లు మొన్న వచ్చినారు. పిట్ట ఎప్పటి నుంచో ఉండాది."

"నాయనా, తిక్కమ్మ అని ఒక ముసలామె నిన్న సాలులో పడుకునింది."

ఆయన బీడు వైపే చూశాడు. కింద పిల్ల తల్లి రెక్క కిందికి దూరింది.

నాగవేణి ఏడ్చింది. తర్వాత ఉరుకుందప్ప మాట చెప్పింది. ఈ రోజు పేరు బయటికొస్తే దాదాపు నలభై గంటలు చేతిలో ఉంటాయి. పది యంత్రాలతో ముప్పై నాలుగు చేలూ వానకు ముందే కాల్చేయొచ్చు. చేలు ఒక ఏడాది పండవు, అంతే. పన్నెండేళ్లు పోవు.

మద్దిలేటి చాలాసేపు విన్నాడు. చివరికి ఆమె తల మీద, రెండు వేళ్లే మిగిలిన చెయ్యి వేశాడు.

"రేపు పొద్దున మార్కెట్ యార్డులో రైతుల మీటింగు ఉండాది గదా. నా నోటితో నేనే చెప్తా. కూతురి నోట తండ్రి పేరు చెప్పిస్తానా? ఈ ఒక్క దినం నన్ను ఈడ కూసోనీ."

"రేపటికి ఆలస్యమైతాది నాయనా."

"వాన ఎల్లుండి గదా?"

పటం అలాగే చెప్పింది. ఆమె తల ఊపింది. నిచ్చెన దిగింది. సాయంత్రం చక్రపాణి ఏమైనా తెలిసిందా అని అడిగితే, రేపు తెలుస్తుంది సార్ అంది.

* * *

మార్కెట్ యార్డు రేకుల షెడ్డు కింద ఆరేడు వందల మంది ఉన్నారు. ఉక్కపోతకు అందరూ తువ్వాళ్లతో విసురుకుంటున్నారు. ఉరుకుందప్పను ఎస్సై ముందు వరుసలో నేల మీద కూర్చోబెట్టాడు. తిక్కమ్మ ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుంది. యంత్రాలు నింపి, లారీల్లో ఎక్కించి సిద్ధంగా ఉంచారు. చేల పేర్లు చాలు.

చక్రపాణి నేలతల్లి, సమతుల్యం అని ఏదో మాట్లాడబోతే వెనక నుంచి ఎవరో అరిచారు. "సారూ, శాస్త్రం వద్దు. గొర్రెలు లోపలికి ఎట్ల దూరినాయో చెప్పు!"

"పెద్దమనిషి మద్దిలేటి చెప్తాడు. ఆయన మాట నమ్ముతాం," అన్నాడు ముందు వరుసలో ఒక రైతు. చాలామంది ఔనన్నారు.

మద్దిలేటి లేచాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. మైకు దగ్గరికి నెమ్మదిగా నడిచాడు. నాగవేణి పిడికిలి బిగించింది. ఆయన ఒక్కసారి కూతురి వైపు చూశాడు. ఆ చూపు మెత్తగా ఉంది. చెబుతాడనుకుంది ఆమె.

"ఇరవై ఆరేండ్లు ఆ బీడుకు కాపలా ఉన్నా," అన్నాడాయన. "అబద్ధం చెప్పేది లేదు. చైత్రంలో ఒక దినం పొద్దున, ఈ ఉరుకుందప్ప రాయి పెట్టి బీగం పగలగొడుతాంటే నా కండ్లతో చూసినా. గొర్రెలు ఆకలి మీద ఉండాయని జాలిపడి నోరు మూసుకున్నా. కొత్త బీగం నేనే వేసినా. అదే నేను చేసిన తప్పు. శిచ్చ వేయండి."

షెడ్డు అరుపులతో పగిలింది.

"దొంగ నా కొడకా!" ఒకడు ఉరుకుందప్ప మీదికి దూకాడు. తువ్వాలు మెడకు బిగించారు. గొంగడి లాగేశారు. ఎస్సై లాఠీ ఊపుతూ, "ఆగండప్పా, ఆగండి," అంటున్నాడు. ఉరుకుందప్ప తిరగబడలేదు. నేల మీద ముడుచుకుని మద్దిలేటినే చూస్తున్నాడు. "ఏం సామీ!" అన్నాడు ఒకే ఒక్కసారి. ఇంకేమీ అనలేదు. ఒట్టు ఉంది.

నాగవేణి తండ్రి చెయ్యి పట్టుకుంది. "నాయనా. ఏం చేసినావు నాయనా?"

"వాన పడేదాకా ఆగు పాపా," అన్నాడు ఆమెకు మాత్రమే వినబడేలా. "రేపటిదాకా ఆగు. తర్వాత నన్ను ఏమన్నా చెయ్యి."

అప్పుడు రేకుల మీద మొదటి చినుకు పడింది.

ఒకటి. రెండు. తర్వాత గుప్పెడు గులకరాళ్లు విసిరినట్టు. చక్రపాణి ఫోను తీసి చూశాడు. పటం మీద మేఘం ఒక రోజు ముందే పడమటి కనుమలు దాటేసింది. ఆయన ఫోను జేబులో పెట్టుకుని, కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపి తడుముకున్నాడు. పడమటి మండలాల్లో గంట నుంచే కురుస్తోందని డ్రైవరు వచ్చి చెప్పాడు.

జనం ఉరుకుందప్పను వదిలేశారు. ఉక్కపోత ఒక్కసారిగా విరిగింది. మట్టివాసన వచ్చింది. రెండేళ్లుగా ఎదురుచూసిన వాన. రైతులు షెడ్డు అంచుకు పరుగెత్తి చేతులు బయటికి చాపారు. ఎవరో ఈల వేశారు. "దంచురా దేవుడా, దంచు!" అని ఒక ముసలాయన తడుస్తూ ఎగిరాడు. ఇద్దరు విత్తనాల సంగతి మాట్లాడుకుంటూ మోటారు సైకిలు వైపు పరుగెత్తారు. తిక్కమ్మ ఒక్కతే స్తంభం దగ్గర నుంచి లేవలేదు. ఆమెకు తెలుసు. రేకుల కింద ఉన్న ఆరేడు వందల మందిలో ఆ వాన ఏమిటో తెలిసిన వాళ్లు నలుగురో ఐదుగురో.

లారీలు తడుస్తున్నాయి. యంత్రాల మీద పట్టా కూడా ఎవరూ కప్పలేదు.

మద్దిలేటి కళ్లు మూసుకుని వాన చప్పుడు వింటున్నాడు. ముఖంలో పిల్లవాడి సంతోషం ఉంది. ఆ ముఖం చూడగానే నాగవేణికి ఆయన మీదున్న చివరి ఆశ ఆరిపోయింది.

ఉరుకుందప్ప నోట్లోంచి నెత్తురు కారుతోంది. ఇద్దరు కానిస్టేబుళ్లు అతన్ని లేపి జీపు వైపు నడిపిస్తున్నారు. కాపాడడానికి ఇంక చేలు లేవు. ఈ ఒక్క మనిషి మిగిలాడు.

ఆమె మైకు అందుకుంది.

"ఆగండి. అతన్ని వదలండి."

వాన చప్పుడులో ముందు వరుసలకే వినబడింది. ఆమె గొంతు పెంచింది.

"ఎవరూ తాళం పగలగొట్టలేదు. విత్తన మడి గేటుకు మూడేళ్లుగా ఒకటే తాళం. ఈ పొద్దున కూడా నా పాత చెవితోనే తీశాను. కావాలంటే వచ్చి చూడండి. ఉరుకుందప్ప దొంగ కాదు. పిలిస్తే వచ్చాడు. మాటిచ్చాడు కాబట్టి తన్నులు తింటూ కూడా నోరు విప్పలేదు."

షెడ్డు అంచున తడుస్తున్న వాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. కానిస్టేబుళ్లు ఆగారు.

"ఈ వాన మీ చేలకు మంచి చేయదు. ముప్పై నాలుగు చేలల్లో గింజలున్నాయి. నిన్న మధ్యాహ్నమే కాల్చి ఉండొచ్చు. ఎవరు చేశారో నిన్న మధ్యాహ్నమే నాకు తెలుసు. తనే చెబుతానన్నాడు. నమ్మి ఒక రోజు ఆగాను. ఆ రోజు పోగొట్టింది నేను. అందుకు మీరేం చేసినా పడతాను."

"పాపా," అన్నాడు మద్దిలేటి. కళ్లు తెరిచాడు. ఆమె ఆయన వైపు తిరగలేదు.

"ఎవరు?" వెనక నుంచి ఎవరో అడిగారు. తర్వాత చాలామంది. "ఎవురమ్మా? పేరు చెప్పు!"

తిక్కమ్మ స్తంభం పట్టుకుని లేచి నిలబడింది. "చెప్పు బిడ్డా," అంది.

"జాలిపడి కాదు, పొరపాటున కాదు. మీ చేలన్నీ బీడు కావాలని, తెలిసే, తన చేత్తో గేటు తీశాడు," అంది నాగవేణి. "తొమ్మిది మందలనూ లోపలికి పిలిచి మేపింది మద్దిలేటి. మా నాయన మద్దిలేటి."